బోర్లించిన కంచాలు

ఆ జైలుకు ఎన్ని తాళాలున్నా, మధ్యాహ్నం పూట అసలు తాళం మాత్రం సూపరింటెండెంటు గారి నాలుక మీద ఉండేది. వంటశాలలో గుండిగలు దించాక, అన్నిటిలోంచీ కాస్త కాస్త ఒక కంచంలో పెట్టి, పైన గుడ్డ కప్పి, వంట మేస్త్రి తెచ్చి ఆవిడ ముందుంచేవాడు. ఆవిడ తిని "వడ్డించండి" అనాలి. ఆ ఒక్క మాట వినపడేదాకా, ఎనిమిది వందల కడుపులు నకనకలాడుతున్నా సరే, గరిటె కదలడానికి వీల్లేదు.

ఇది ఆ శాఖలో ఎప్పటినుంచో వస్తున్న నియమమే. కాకపోతే చాలామంది అధికారులు దాన్ని మొక్కుబడిగా కానిచ్చేస్తారు. చెంచా కొసన ఇంత తీసుకుని, పెదవికి తగిలించి, "ఊఁ, బాగుంది" అని చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటూ వెళ్లిపోతారు. ఈవిడ అలాంటి మనిషి కాదు. స్టూలు లాక్కుని, టోపీ తీసి పక్కన పెట్టి, తీరిగ్గా కూర్చుని నాలుగు ముద్దలు తినేది. మొదటి ముద్దకే ఏదో ఒకటి తేలిపోయేది. "కూర గిన్నె సబ్బుతో తోమి సరిగ్గా తొలవలేదు." "నిన్న మిగిలిన పప్పు ఇవాళ్టి దాంట్లో కలిపారు." అంతే, మేస్త్రి ముఖం మాడిపోయేది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఈవిడకు ఆ మెతుకులోంచి, వండినవాడు పొద్దున్న ఎవరితో పోట్లాడాడో కూడా తెలిసిపోతుందని వార్డర్లు చెప్పుకునేవారు. ముక్కు ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. బ్యారక్ గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఆ మూల మంచం కింద పొగాకు ఉంది, తియ్యండి" అనేది. ఖైదీలు ఎదురుగా మేడమ్ అన్నా, వెనకాల అందరికీ ఆవిడ రుచమ్మే. ఆ పేరు ఆవిడకు తెలుసు. తెలియనట్టు నటిస్తూ లోపల మురిసిపోయేది.

గర్వమా అంటే గర్వమే. ఎందుకుండకూడదు? గేటు దగ్గర తాళంచెవుల గుత్తి మోసే వార్డరుగా చేరి, ఒక్కో మెట్టే ఎక్కి, మగవాళ్ల జైలుకు సూపరింటెండెంటు అయిన ఆడమనిషి అంతకు ముందు ఆ శాఖలో లేదు. మొదటిరోజు ఆవిడ కుర్చీలో కూర్చుంటే "ఎన్నాళ్లులే" అని నవ్వినవాళ్లే ఇప్పుడు ఆవిడ బూట్ల చప్పుడుకి బొత్తాలు సర్దుకుంటున్నారు. పైగా ఇంకో మెట్టు ఎదురుగా కనిపిస్తోంది. డిప్యూటీ డైరెక్టరు పదవి. ఆ ప్రాంతంలోని జైళ్లన్నీ ఆ కుర్చీ కిందికే వస్తాయి. డైరెక్టరు గారు ఆవిడ పేరే పంపారని శాఖలో అందరికీ తెలుసు. మిగిలింది వైద్య పరీక్ష ఒక్కటే.

సరిగ్గా అప్పుడొచ్చింది జ్వరం. వచ్చిన జ్వరం వారం తిరిగేసరికి పోయింది గానీ, పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ కూడా వెంటబెట్టుకుపోయింది.

ఆ సంగతి మొదట కనిపెట్టింది ఆవిడ కాదు, ఆవిడ మొగుడు. ఆయన అగ్నిమాపక కేంద్రానికి పెద్ద. వీధిలో అందరూ ఫైరాఫీసరు గారంటారు. సెలవు రోజు పొద్దున్న ఆయన స్నానం చేస్తున్నాడు. ఆవిడ పొయ్యి పక్కనే నిలబడి, కిటికీలోంచి పక్కింటివాళ్ల గొడవ చెవులప్పగించి వింటోంది. ఉన్నట్టుండి ఆయన ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి ఊడిపడ్డాడు.

"పాలు మాడిపోతున్నాయే తల్లీ! ఇల్లంతా కంపు!"

ఆవిడ తిరిగి చూసింది. పాలు ఎప్పుడో ఇగిరిపోయాయి. గిన్నె అడుగు బొగ్గయింది. పొగ కళ్లకు కనిపించింది గానీ ముక్కుకు ఏమీ తెలియలేదు.

"ఫైరాఫీసరు పెళ్లానివై ఉండి కొంపకు నిప్పెడితే నా పరువేం కాను?" అని నవ్వబోయినవాడల్లా ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. "ఏంటి, వాసన తెలియలేదా?"

ఆవిడ డబ్బాలోంచి చెంచాడు పంచదార తీసి నోట్లో వేసుకుంది. తర్వాత ఇంత ఉప్పు వేసుకుంది.

"రెండూ ఇసకలాగే ఉన్నాయండీ" అంది.

డాక్టరు చూసి, భయపడాల్సిందేం లేదు, దానంతటదే వస్తుంది, కొందరికి నెల పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది అన్నాడు. దారిలో మొగుడు ఒకటే పోరు.

"పైవాళ్లకి చెప్పెయ్యి. పొగ వాసన తెలియనివాణ్ణి నేనైతే బండెక్కనివ్వను."

"నేను బండెక్కట్లేదుగా. నాలుగు ముద్దలు తిని ఒక్క మాట అంటున్నాను. అంతేగా?"

"ఆ ఒక్క మాట మీదే కదే అంతమందీ తినేది?"

"అబ్బ, ఊరుకోండి! వైద్య పరీక్ష ముందర పెట్టుకుని ముక్కు పోయింది, నాలుక పోయింది అని నేనే డప్పు కొట్టుకోనా? నెలలో అదే వస్తుంది. అందాకా నాకు కళ్లున్నాయి. మేస్త్రి ముఖం చూస్తే చాలు, కూరలో ఏం తప్పు జరిగిందో చెప్పేస్తాను. దొంగ ముఖాలు చదవడమేగా ఇన్నేళ్లూ నా ఉద్యోగం!"

నిప్పుతో వాదించొచ్చు గానీ పెళ్లాంతో వాదించలేమన్నది ఆయన స్టేషన్లో అందరికీ చెప్పే మాట.

అలా మొదలైంది నటన. చెప్పుకోవాలి గానీ, బ్రహ్మాండంగా నటించింది. అదే స్టూలు, అదే తీరిక. ముద్ద నోట్లో పెట్టుకుని, నములుతూ మేస్త్రి ముఖంలోకి ఓరగా చూసేది. మేస్త్రి కూడా ఖైదీయే. అతని ముఖం రోజూ వేలాడుతూనే ఉంది. కానీ ఆ మధ్యనే పైకోర్టులో అతని అప్పీలు కొట్టేశారు. పాపం, ఆ దిగులే అనుకుంది రుచమ్మ. "వడ్డించండి" అంది. మర్నాడూ అంది. ఆ మర్నాడూ అంది. ఒకరోజు డైరెక్టరు గారే తనిఖీకి వచ్చారు. ఆవిడ పక్కనే ఇంకో స్టూలు వేయించుకుని తిని, "మీ జైల్లో తిండికి వంక పెట్టేదేముందమ్మా" అని మెచ్చుకుని వెళ్లారు. ఇంకేం కావాలి? నాలుక లేకపోయినా నెట్టుకు రావచ్చని ఆవిడకు ధైర్యం వచ్చేసింది. ఎంత ధైర్యమంటే, రెండు రోజుల్లో వైద్య పరీక్ష ఉందనగా కొత్త పదవికి కావలసిన భుజం పట్టీలు కూడా కొనుక్కొచ్చి బీరువాలో పెట్టుకుంది.

ఆ మర్నాటి మధ్యాహ్నం ఎప్పట్లాగే తిని, ఎప్పట్లాగే "వడ్డించండి" అని, ఆఫీసు గదికి వచ్చి కూర్చుందో లేదో, ఆవిడ కింద పనిచేసే డిప్యూటీ సూపరింటెండెంటు పరుగెత్తుకొచ్చాడు. ఆ కుర్రాడి చొక్కా మీద మడత ఎవరూ ఎన్నడూ చూడలేదు గనక జైలంతా అతన్ని ఇస్త్రీ అంటుంది. ఆరోజు మాత్రం చంకల్లో చెమట మరకలు కనిపించాయి.

"మేడమ్, కంచాలు బోర్లించేశారు."

"ఎంతమంది?"

"అందరూ, మేడమ్."

కంచం బోర్లించడమంటే జైల్లో మాటల పని అయిపోయిందని అర్థం. ఆ తర్వాత గాల్లోకి లేచేవి ఆ కంచాలే. అది పోలీసు బలగానికీ తెలుసు, ఖైదీకీ తెలుసు, కొత్తగా చేరిన వార్డరుకీ మొదటి వారంలోనే చెబుతారు.

"మూడింటికి డైరెక్టరు గారు వస్తామన్నారు మేడమ్. మీ పదవి సంగతి మాట్లాడ్డానికట. ఈలోపే బలగాన్ని దింపి నాలుగు తగిలిస్తే..."

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? అందులోనూ మా ఇంట్లో ఆ పని అసలు కుదరదు" అని టోపీ పెట్టుకుని లేచింది.

ఆవిడకు భయం వేయలేదు. ఇలాంటిది ఇంతకుముందూ చూసింది. వేరే జైల్లో ఉండగా, తిండిలో ఏదో కలిపారని పుకారు లేస్తే, ఈవిడే ఖైదీల మధ్య కూర్చుని కంచం మొత్తం ఊడ్చి తినేసింది. పుకారు అక్కడికక్కడే చచ్చింది. ఆ కథ ఇప్పటికీ కొత్తవాళ్ల శిక్షణలో చెబుతారు. ఇప్పుడూ అదే మందు.

భోజనాల హాల్లో ఇనప బల్లలు బారుగా నేలకు బిగించి ఉన్నాయి. ప్రతి బల్ల మీదా కంచాలు బోర్లా పడుకుని ఉన్నాయి. వాటి వెనక మనుషులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఎవరూ తల ఎత్తలేదు. మూలనున్న కుళాయిలోంచి నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఏమైంది? ఎవరైనా ఒకరు చెప్పండి."

ఆవిడ తిన్నగా మొదటి బల్ల దగ్గరకు వెళ్లి అర్జీల తాత పక్కన కూర్చుంది. తాతంటే జైలంతటికీ పెద్ద తలనొప్పి. కళ్లద్దాలకు దారం కట్టుకుని, పొద్దస్తమానం ఏదో ఒక అర్జీ రాస్తూనే ఉంటాడు. కుళాయి మీద అర్జీ, దుప్పటి మీద అర్జీ, కాకులు ఎక్కువగా అరుస్తున్నాయని అర్జీ. మబ్బు పడితే ఆకాశం మీద కూడా ఒకటి పడేసే రకం. అలాంటివాడు తిండి మీద మాత్రం ఇన్నేళ్లలో ఒక్క అర్జీ పెట్టలేదు. "దానికి రుచమ్మ ఉందిలే" అనేవాడు.

ఆవిడ అతని కంచం తిప్పి, వడ్డించమని సైగ చేసింది. అన్నం, పప్పు, కూర పడ్డాయి. అందరూ చూస్తుండగా కలుపుకుని, తీరిగ్గా, మెతుకు మిగల్చకుండా తినేసింది. తిని తలెత్తి చుట్టూ చూసింది. ఇప్పుడు ముఖాలు కాస్త కుదుటపడాలి. కానీ ఎదురుగా కూర్చున్నవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెనక వరసలో ఎవరో డోకారు. తాత కళ్లద్దాలు తీసి, చొక్కాతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఎంత ముట్టిందమ్మా?"

"ఏంటి?"

"ఆ పప్పుల కాంట్రాక్టరు మీకెంత ముట్టజెప్పాడూ అని. ఊరికే అయితే దీన్ని ఎవరూ ముఖం చిట్లించకుండా మింగలేరు."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగంలో ఎవరి దగ్గరా కాఫీ నీళ్లు కూడా పుచ్చుకోని మనిషి. చెంప పగలగొట్టినంత పనైంది. నోటిదాకా వచ్చిన తిట్టు అనబోతూ, ఎందుకో గుమ్మం వైపు చూసింది. అక్కడ ఇస్త్రీ నిలబడి ఉన్నాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"డిప్యూటీ గారూ, ఆ రుమాలెందుకు?"

అతను గబుక్కున దించేశాడు. "అదీ... మేడమ్... కొంచెం..."

"కొంచెం ఏంటి?"

"పప్పు ముక్కిపోయింది మేడమ్. కొత్త బస్తాలు విప్పిన దగ్గర్నుంచీ వాసనొస్తోంది."

"మరి చెప్పలేదేం?"

"మీరు తిని బాగుందన్నారు కదా మేడమ్. మీ నాలుకకి తెలియనిది నా ముక్కుకి తెలుస్తుందా అని..."

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. అతను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"స్టోరు దగ్గర నేను మొత్తుకున్నానమ్మా. మేడమే చూసుకుంటారులే, వండు అన్నారు. సరే, మీరెలాగూ మొదటి ముద్దకే పట్టేస్తారు, నన్ను తిట్టినా పర్లేదు, బస్తాలు వెనక్కిపోతాయి అనుకున్నా. మీరు తిని వడ్డించమనేసరికి నా నోరు పడిపోయింది."

"నేనైతే వయసు మీదపడి నా నోరే పాడైందనుకున్నా" అన్నాడు తాత. "మొన్న పక్కోణ్ణి అడిగితే వాడూ అదే అనుకుంటున్నాడు. వాడి పక్కోడూ అంతే. అడగ్గా అడగ్గా అందరి నోళ్లూ ఒక్కసారే పాడయ్యాయట. అప్పుడు తెలిసింది, పాడైంది మా నోళ్లు కావని."

రుచమ్మ తన ముందున్న ఖాళీ కంచం వైపు చూసింది. కళ్లున్నాయి కదా అని ఎంత ధీమాగా అంది మొగుడితో! ఆ కళ్లతో ఒక్కసారి స్టోరుకు వెళ్లి బస్తా విప్పి చూసిందా? నాలుక ఉన్న రోజుల్లో ఆ అవసరం రాలేదు. నాలుక పోయాక ఆ అలవాటు లేదు. ఇక ఇప్పుడు బయటపడే దారులు లేకపోలేదు. తప్పంతా మేస్త్రి మీదకు తోసేయొచ్చు. బలగాన్ని పిలవొచ్చు. ఇస్త్రీ కిక్కురుమనడు. మూడింటికల్లా జైలు చల్లబడుతుంది, డైరెక్టరు గారికి నవ్వు ముఖంతో ఎదురెళ్లొచ్చు, బీరువాలో భుజం పట్టీలు భుజం మీదకు వస్తాయి. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. రాలేదంటే అబద్ధమే. కానీ మేస్త్రి ఇంకా గరిటె పట్టుకుని, నేరం తనదే అన్నట్టు ఆవిడ వైపే చూస్తున్నాడు. అది చూసి ఆవిడకు సిగ్గేసింది. భయం కాదు, అచ్చంగా సిగ్గే. చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది.

లేచి నిలబడింది. టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"తాతా, నేను ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. నాకు రుచి తెలియడం లేదు. వాసనా తెలియడం లేదు. జ్వరం తగ్గినప్పటి నుంచీ ఇంతే. పైవాళ్లకు తెలిస్తే కొత్త పదవి రాదని ఆ సంగతి దాచిపెట్టి, మీ కంచంలో తిని బాగుందన్నాను. తప్పు మేస్త్రిది కాదు, డిప్యూటీది కాదు. నాది."

హాలంతా ఒక్కసారి గుసగుసలతో నిండిపోయింది. వెనక వరసలోంచి ఒకడు లేచాడు.

"చెప్పేవాడికి వినేవాడు లోకువని! పట్టుబడ్డాక ఎవరైనా అంతే చెప్తారు మేడమ్. మేమూ కోర్టులో అట్లాగే చెప్పాం."

నవ్వారు కొందరు. మంచి నవ్వు కాదది. తాత చెయ్యెత్తాడు.

"ఉండండ్రా. చూస్తే పోలా! కాంపౌండరు బాబుని పిలవండి. చేదుమందు సీసా తెమ్మనండి."

జైలు ఆసుపత్రిలోని ఆ చేదుమందు సంగతి తెలియనివాడు లేడు. సీసా మూత తీస్తేనే దొంగ జబ్బులన్నీ నయమైపోతాయి. కాంపౌండరు సీసా పట్టుకుని బిక్కుబిక్కుమంటూ వచ్చాడు. గ్లాసు నిండా పొయ్యమన్నాడు తాత. అంత పోస్తే నా ఉద్యోగం ఊడుతుందని కాంపౌండరు మొరాయించాడు. బేరమాడగా బేరమాడగా రెండు మోతాదుల దగ్గర తెగింది.

రుచమ్మ గ్లాసు అందుకుని మంచినీళ్లు తాగినట్టు తాగేసింది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. గ్లాసు బల్ల మీద పెట్టి కాంపౌండరు వైపు అనుమానంగా చూసింది.

"మందే పోశావా, నీళ్లు పోశావా?"

ఎక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. తాతకు నమ్మకం కుదరలేదు. గ్లాసు అడుగున మిగిలినదాంట్లో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. మరుక్షణం మొహం వంకర్లు తిరిగిపోయి, "అమ్మో, అమ్మో" అంటూ మూలనున్న కుళాయి దగ్గరకు పరుగెత్తాడు. హాలంతా గొల్లుమంది. వార్డర్లు నవ్వారు, మేస్త్రి నవ్వాడు, ఇస్త్రీ కూడా అటు తిరిగి నవ్వాడు. పుక్కిలించి పుక్కిలించి తిరిగొచ్చిన తాత, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "నిజమేరా. అమ్మకి నాలుక పోయింది" అని తీర్పు చెప్పాడు. చెప్పాక అతనే, ఎందుకో, కాసేపు తల దించుకున్నాడు.

నవ్వినంత మాత్రాన ఎవరూ కంచాలు తిప్పలేదు. ఆవిడ తిప్పమనీ అడగలేదు. ముందు స్టోరుకు వెళ్లి తనే బస్తా మూతి విప్పింది. పప్పు గింజలు బూజుతో ఉండలు కట్టి, పురుగులు గూళ్లు పెట్టి ఉన్నాయి. గుడ్డివాడికి చేత్తో తడిమినా తెలిసేది. "ఈ బస్తాలన్నీ బయట పెట్టి సీలు వెయ్యండి. కాంట్రాక్టరుని రేపు నా ముందు నిలబెట్టండి" అంది. గుండిగల్లో ఉన్నదంతా పారబోయించింది. గుడ్లు, దుంపలు, ఉల్లిపాయలు తీయించింది. మళ్లీ పొయ్యిలు రాజేయించి హాల్లోకి వచ్చింది.

"మళ్లీ వండిస్తున్నాను. ఆలస్యమవుతుంది, ఓర్చుకోండి."

"బాగానే ఉంది" అన్నాడు తాత. "ఈసారి రుచి చూసేదెవరు?"

"నువ్వే."

తాత కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఖైదీ మాట మీద వడ్డిస్తారా?"

"వడ్డిస్తాను."

"అయితే రాసివ్వండి."

"కావాలంటే అర్జీ పెట్టుకో" అంది రుచమ్మ. ఈసారి నవ్వు మంచిగానే వచ్చింది.

డైరెక్టరు గారి కారు వచ్చేసరికి వంటశాలలోంచి ఆవిరి లేస్తోంది. ఆయన మంచి మనిషి, మెత్తటి మనిషి. పదవి కబురు చెప్పడానికి వస్తున్నవాడి ముఖంలో ఉండే వెలుగు ఆయన ముఖంలో ఉంది. రుచమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోనివ్వకముందే, గేటు దగ్గరే నిలబెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. దాచింది చెప్పింది, కంచాలు బోర్లించింది చెప్పింది, చేదుమందు కూడా చెప్పింది.

"ఆరోజు నేనూ తిన్నాను కదమ్మా" అన్నారాయన.

"అవునండీ."

"మొదటి ముద్దకే కడుపులో తిప్పింది. పక్కన మీరేమో నిమ్మళంగా తింటున్నారు. మీ నాలుక సంగతి శాఖలో తెలియనివాడు లేడాయె. నాలోనే ఏదో తేడా ఉందనుకుని, పైగా మెచ్చుకుని వెళ్లాను. ఇంటికెళ్లి మా ఆవిడతో, నోరు బాగాలేదు, డాక్టరుకి చూపించుకోవాలి అని కూడా అన్నాను."

రుచమ్మకు ఆ మాట తాత మాటకన్నా గట్టిగా తగిలింది. ఒక్క నాలుకకు అంత పేరొస్తే, ఇంతమంది నాలుకలు తమని తామే నమ్మడం మానేశాయి. డైరెక్టరంతటి వాడే నలుగురితో నారాయణ అన్నాడంటే, ఖైదీ ఎంత, వార్డరు ఎంత!

"రేపు డాక్టర్ల బోర్డు ముందు ఈ మాట చెప్తే ఈసారికి ఆ కుర్చీ మీకు రాదు. వేరేవాళ్లకి పోతుంది. తెలుసుగా?"

"తెలుసండీ."

"చెప్పి తీరాలంటారా?"

"ఎనిమిది వందల మందికి చెప్పేశాను. ఇంక ఆ నలుగురి దగ్గర దాచి ఏం చేసుకుంటానండీ? వచ్చేసారి ఉందిగా. మెట్టు ఎక్కడికీ పోదు, నా కాళ్లూ ఎక్కడికీ పోవు."

అనడమైతే నవ్వుతూనే అంది గానీ, బీరువాలోని భుజం పట్టీలు కళ్లముందు మెదిలాయి. ఆయన తల ఊపి, "పదండి, భోజనాల దగ్గరికి వెళ్దాం" అన్నారు.

వంటశాల ముందు ఆవిడ స్టూలు మీద అర్జీల తాత కూర్చున్నాడు. స్టూలే కావాలని పట్టుబట్టాడట. చొక్కా పైబొత్తాం కూడా పెట్టుకున్నాడు. మేస్త్రి కంచం తెచ్చి ముందు పెట్టి, గుడ్డ తీశాడు. తలుపుల అవతల హాల్లో అందరూ మెడలు సాచి చూస్తున్నారు. తాత మొదటి ముద్ద పెట్టుకుని, కళ్లు మూసుకుని, జైలు మొత్తం తనదే అన్నంత తీరిగ్గా నమిలాడు. డైరెక్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఇస్త్రీ గడియారం చూసుకుని, చూసుకోనట్టు నటించాడు.

"ఉప్పు తక్కువ" అన్నాడు తాత.

మేస్త్రి పరుగెత్తి ఉప్పు వేసి, కలిపి, ఇంకో గరిటెడు తెచ్చాడు. తాత మళ్లీ తిన్నాడు.

"ఇప్పుడు బాగుంది."

అని రుచమ్మ ముఖంలోకి చూశాడు. ఈ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నేర్పే మొదటి పాఠం, ఖైదీ చెప్పింది ముందు నమ్మకు అని. అదే పాఠం ఆవిడ ఎంతమందికో నేర్పింది. తాత నిజమే చెబుతున్నాడో, అందరి ముందూ ఆవిడతో ఆడుకుంటున్నాడో తేల్చుకోవడానికి ఇప్పుడు ఆవిడ దగ్గర ఏమీ లేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నా ఇసకే. నమ్మాలి, లేదా మానాలి.

"వడ్డించండి" అంది రుచమ్మ.

హాల్లో కంచాలన్నీ ఒక్కసారే తిరగబడిన చప్పుడుకు కిటికీ మీద కాకులు లేచిపోయాయి. గరిటెలు కదిలాయి. ఆవిడ కూడా ఒక కంచం తీసుకుని, వరసలో నిలబడి పెట్టించుకుని, మొదటి బల్ల దగ్గర తాత పక్కన కూర్చుంది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"గుడ్డు కూర అదిరిందమ్మా. దుంప ఒక ఉడుకు తగ్గింది."

ఆవిడ తల ఊపి, కలుపుకుని తింది. ఏ రుచీ తెలియలేదు. కంచంలో మెతుకు మిగల్చలేదు.